సేఫ్‌లో పెట్టిన గొంతు

"నాన్నా, ఇంకోసారి ఆన్ చేశావంటే ఊరుకోను!"

కూతురు పిట్ట అరిచేలోపే ఎడిటర్ బటన్ నొక్కేశాడు.

భోజనాల బల్ల మీద మూత ఊడదీసి పడుకోబెట్టిన కంప్యూటర్‌లో ఫ్యాను తిరిగింది. దీపం వెలిగింది. ఆ వెంటనే, నిన్న సాయంత్రం నుంచి ఇంటిల్లిపాదినీ హడలగొడుతున్న చప్పుడు మొదలైంది. టక్... టక్... టక్. కాస్త ఆగి మళ్ళీ టక్. తెర మీద మాత్రం ఒక్క అక్షరం లేదు.

"ఈసారి వస్తుందేమోనని..." అన్నాడాయన నీరసంగా.

"వస్తుంది! నువ్వు అడగ్గానే బుద్ధిగా వచ్చి కూర్చుంటుంది! పీకెయ్ నాన్నా ఆ వైరు."

పీకలేదు. పెళ్ళి వీడియోలు కూర్చి కూర్చి తల నెరిసిన మనిషి. వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఎడిటర్‌గారే. ఇన్నేళ్ళూ కంప్యూటర్లు ఆయన చెప్పినట్టు విన్నాయి. ఇదొక్కటీ ఎదురు తిరిగిందంటే ఒప్పుకోడానికి ఆయనకి మనసు రావడం లేదు.

కిటికీ పక్క కుర్చీలో ఉన్న ముసలావిడ, ఎడిటర్ తల్లి, విసుక్కుంది. "చెడిపోయింది. చెడిపోతే లోకంలో ఏం చేస్తారు? అవతల పారేసి ఇంకోటి కొంటారు. తిండీ నిద్రా మానేసి దాని ముందు కూర్చుని ఏమిట్రా ఈ ఏడుపు?"

"ఇంకోటి కొంటే దాన్లో నీ కోడలి గొంతు ఉండదమ్మా."

ముసలావిడ మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

అదీ గొడవ. పోయింది ఉత్త కంప్యూటరైతే ఎవడిక్కావాలి? టీచర్ గొంతు ఉన్నది ఆ పెట్టెలోనే.

చిన్నపిల్లల బడిలో టీచర్ ఆవిడ. ఎడిటర్ భార్య. గొంతులో పుట్టిన పాడు జబ్బు ముదరకముందే స్వరపేటిక తీసెయ్యాలని డాక్టర్లు తేల్చి చెప్పినప్పుడు, ఆస్పత్రిలో ఒకావిడ ఈ ఉపాయం చెప్పింది. మాట ఉండగానే గొంతు రికార్డు చేసి పెట్టుకోండి, తర్వాత ఫోనులో ఏది టైపు చేసినా అచ్చం మీ గొంతుతో పలికేలా చేసిచ్చే కంపెనీలున్నాయి అని. సామాన్ల గదిలో గోడలకి దుప్పట్లు వేలాడదీసి ఎడిటర్ మైకు పెట్టాడు. టీచర్ కాగితాలు పట్టుకుని వాక్యం తర్వాత వాక్యం చదివింది. వారాల తరబడి చదివింది. నొప్పికి కళ్ళెంబడి నీళ్ళు కారుతుంటే తుడుచుకుని, గోరువెచ్చటి నీళ్ళు తాగి, మళ్ళీ చదివింది. ఆ తర్వాత ఆపరేషనైంది. ఇప్పుడు ఆవిడ మెడ మీద, ఊపిరికి పెట్టిన రంధ్రానికి అడ్డంగా పల్చటి గుడ్డ, చేతిలో ఫోను. ఆవిడ టైపు చేసేవి ఆ ఫోనులో పలికేది ఎవరో ముక్కూమొహం తెలియని ఆడమనిషి.

ఆ ఆడమనిషే ఇప్పుడు వంటింటి గుమ్మంలోంచి పలికింది.

"రెండో కాపీ ఉంది కదా. ఎందుకు కంగారు."

ఆ ఫోనుకి అడగడమూ తెలియదు, కసరడమూ తెలియదు. అన్నీ ఒకే తీరున అప్పజెప్పేస్తుంది. మిగతాదంతా టీచర్ మొహం చూసి అర్థం చేసుకోవాలి. ఆవిడ మొహం నిశ్చింతగానే ఉంది.

"ఉంది, ఉంది" అన్నాడు ఎడిటర్. "మెయిన్‌లో పోయినా సేఫ్‌లో ఉంది. రెండు చోట్ల పెట్టానని నీకు చెప్పాను కదా. నువ్వెళ్ళి నీ పని చూసుకో."

టీచర్ బొటనవేళ్ళు చకచకా కదిలాయి. "మీరు కూడా చూసుకోండి. కాఫీ చల్లారిపోయింది."

"నా కోడలు ఈ ముక్కే అంటే ఎంత ముద్దుగా ఉండేది! ఈవిడెవరో అంటే కోర్టులో తీర్పు చదివినట్టుంది" అంది ముసలావిడ. "ఏమమ్మా, కాస్త నవ్వుతూ చెప్పలేవూ? నీ సొమ్మేం పోయింది?" అని ఫోనునే నిలదీసింది.

టీచర్ భుజాలు కదిలాయి. అది ఆవిడ నవ్వు. చప్పుడు రాదు, మెడ మీది గుడ్డ మాత్రం ఎగిరెగిరి పడుతుంది. నవ్వుకుంటూనే లోపలికి వెళ్ళిపోయింది.

తల్లి వెళ్ళేదాకా పిట్ట ఆగింది. ఆ పిల్లకి అసలు పేరొకటుంది గానీ ఇంట్లో ఎవరూ వాడరు. పుట్టిన దగ్గర్నుంచీ కూతలే కాబట్టి పిట్ట అయింది. ఉద్యోగంలో చేరినా పిట్టే.

"ఆ సేఫ్ ఏది నాన్నా? తియ్యి. నా లాప్‌టాప్‌కి తగిలించి చూద్దాం."

"తియ్యడమేమిటి?"

"రెండో డిస్కు. బీరువాలో పెట్టావా?"

"బీరువాలో ఎందుకుంటుందే? దీన్లోనే ఉంది. మెయిన్ అని ఒకటి, సేఫ్ అని ఒకటి. తెర మీద రెండు బొమ్మలొస్తాయి కదా, నువ్వూ చూశావు."

పిట్ట వంగి పెట్టెలోకి చూసింది. చెయ్యి పెట్టి వైర్లు పక్కకి జరిపింది. ఫోను దీపం వేసి మళ్ళీ చూసింది.

"నాన్నా, దీన్లో ఉన్నది ఒక్కటే డిస్కు."

"సరిగ్గా చూడు."

"నువ్వే చూడు."

ఆయన చూడలేదు. చూడకుండానే గుర్తొచ్చింది.

పాత కంప్యూటర్‌లో నిజంగానే రెండు డిస్కులుండేవి. ఒకటి పని చేసుకోడానికి, ఒకటి దాచుకోడానికి. అది మూలపడ్డాక, షాపతను కొత్తదాన్లో ఒకటే పెద్ద డిస్కు పెట్టాడు. ఈయన ఊరుకున్నాడా? పాతది ఎలా కనపడేదో అచ్చం అలాగే కనపడాలి, మెయిన్ మెయిన్‌లా, సేఫ్ సేఫ్‌లా, లేకపోతే నాకు పని సాగదని పట్టుబట్టాడు. షాపతను ఆ ఒక్క డిస్కునే రెండు వాటాలు చేసి, పాత పేర్లే పెట్టి ఇచ్చాడు. రెండూ ఒకటే సార్, మధ్యలో గోడ కట్టానంతే, మర్చిపోకండి అని కూడా చెప్పాడు. సరే సరే అన్నాడీయన. కొన్నాళ్ళు గుర్తుంది. రోజూ కళ్ళెదుట రెండు బొమ్మలు కనిపిస్తుంటే ఆ తర్వాత రెండున్నాయనే నమ్మకం కుదిరిపోయింది. ఇల్లు కూలితే రెండు గదులూ కూలతాయని చంటిపిల్లాడికైనా తెలుసు. ఈయనకీ తెలుసు. తెలిసిన మనిషే భార్య గొంతుని రెండు గదుల్లోనూ పెట్టి, తలుపు వేసుకుని నిశ్చింతగా నిద్రపోయాడు.

"మైకు కార్డు!" అంది పిట్ట ఉన్నట్టుండి. "రికార్డు చేసిన కార్డులో ఉంటుందిగా!"

"తుడిచేశాను."

"ఎందుకూ?"

"ఎప్పుడూ తుడిచేదే కదే. కాపీ కాగానే కార్డు ఖాళీ చేస్తాను. లేకపోతే ఒకళ్ళ పెళ్ళి ఇంకొకళ్ళ పెళ్ళిలో కలిసిపోతుంది."

"ఇది పెళ్ళా నాన్నా?"

ఆయన చొక్కా గుండీ తిప్పుకుంటూ కూర్చున్నాడు.

"కంపెనీ వాళ్ళ దగ్గరుంటుంది కదా. పంపావు కదా. పంపావా?"

"శుభ్రం చేస్తున్నాను."

"అంటే పంపలేదా?"

"మధ్యమధ్యలో దగ్గులున్నాయి. పక్కింటి కుక్క ఉంది. నీళ్ళ మోటారు ఉంది. అవన్నీ తీసేసి..."

"అవన్నీ మేమే తీసుకుంటామని వాళ్ళన్నారు కదా! అమ్మ ఎన్నిసార్లు మొత్తుకుంది, పంపెయ్యండి, పంపెయ్యండి అని!"

"ఎవడో తీస్తే నేను తీసినట్టుంటుందా? అది మీ అమ్మ గొంతు! మాసిన బట్టల మూటలా కట్టి పంపనా?" కేక వేసినట్టే అన్నాడు. వెంటనే వంటింటి వైపు చూసి తగ్గిపోయాడు. "సగానికి పైగా అయిపోయింది. ఎంత బాగా వచ్చిందో తెలుసా? నువ్వు వినాల్సింది."

నిజమే, బాగానే వచ్చి ఉంటుంది. ఒక్కొక్క దగ్గునీ విడిగా పట్టుకుని, ముందు మాటా వెనక మాటా చెడకుండా కోసేవాడు. పొద్దంతా కూర్చుంటే ఒక కాగితం పూర్తయ్యేది. మధ్యలో పెళ్ళిళ్ళ పని. అలా నెలలు గడిచిపోయాయి. అంత పనితనం ఎవరిక్కావాలి, చెప్పండి? కుక్క అరుపుతో సహా పంపి ఉంటే ఈపాటికి ఆ ఇల్లాలు తన గొంతుతో తను మాట్లాడుతూ ఉండేది.

"నన్ను అనడం కాదు, నువ్వేం తక్కువ తిన్నావు?" అన్నాడు ఎడిటర్, ఎటూ దారి లేక. "మీ అమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌లు నీ ఫోన్లో బోలెడుండేవి. ఏవి? చూపించు."

పిట్ట ఫోను జేబులో పెట్టేసుకుంది.

ఫోను నిండిపోయిందని గోల పెడుతుంటే తుడిచేసింది. అన్నీ ఒక్కలాంటివే. తిన్నావా, బయల్దేరావా, గొడుగు తీసుకెళ్ళు. రోజూ వచ్చేవే కదా, రేపూ వస్తాయి కదా అని తుడిచేసింది. ఏవో ముక్కలు మిగిలాయి. వాటిలో టీచర్ "వినిపిస్తోందా? హలో, వినిపిస్తోందా?" అనడం తప్ప ఇంకేమీ లేదు. అలాంటి ముక్కలతో గొంతు తయారవదని కంపెనీ వాళ్ళు మొదట్లోనే చెప్పారు.

"అది వేరు" అంది చివరికి.

"ఏం వేరు?"

బల్లకి ఆ పక్క ఒకళ్ళు, ఈ పక్క ఒకళ్ళు, మధ్యలో మూత లేని పెట్టె.

"ఏమిట్రా ఆ గుసగుసలు? రెండోది దొరికిందా లేదా?" అంది కిటికీ దగ్గర్నుంచి ముసలావిడ.

"దొరుకుతుందమ్మా."

పిట్ట తండ్రి చెవి దగ్గరికి వంగింది. "అమ్మకి చెప్పు. ఇప్పుడే వెళ్ళి చెప్పు."

"చెప్తాను. ముందు డిస్కు బాగుచేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దాం. ఏదో ఒక దారి ఉండకపోదు" అంటూ ఆయన స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. అది గాట్లో కుదరక జారుతుంటే స్క్రూలు పిట్టే విప్పింది.

*

పరుపుల దుకాణం పైన ఇరుకు మెట్లెక్కితే ఆ గది. అరలనిండా చచ్చిపోయిన డిస్కులు, ఒక్కోదానికీ సొంతదారు పేరు రాసిన చీటీ. బల్ల వెనక కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకున్న ఒకావిడ, టిఫిన్ డబ్బా మూత పెడుతూ చెయ్యి చాచింది.

డిస్కుని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచింది. లోపల ఏదో సన్నగా రాలిన చప్పుడైంది. ఆవిడ మొహం మారింది.

"ఈ చప్పుడు మొదలయ్యాక ఎన్నిసార్లు ఆన్ చేశారు?"

"ఏదో... ఒకటి రెండుసార్లు" అన్నాడు ఎడిటర్.

"నిన్నటి నుంచి చేస్తూనే ఉన్నాడు" అంది పిట్ట.

ఆవిడ తిట్టలేదు. చేతులకి తొడుగులు వేసుకుని, డిస్కు పట్టుకుని అద్దాల గదిలోకి వెళ్ళింది. తండ్రీకూతుళ్ళు బెంచీ మీద కూర్చున్నారు. అద్దంలోంచి ఆవిడ వీపు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఎడిటర్ లేచి నించున్నాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. పిట్ట ఆయన చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

ఆవిడ బయటికొచ్చి తొడుగులు తీసేసింది.

"దీన్లో ఏమున్నాయి? పెళ్ళి వీడియోలా?"

"మా ఆవిడ గొంతు" అన్నాడు. ఆపరేషన్ సంగతీ, రికార్డింగ్ సంగతీ గబగబా చెప్పుకొచ్చాడు. సేఫ్ సంగతి చెప్పేటప్పుడు మాత్రం నేల చూపులు చూశాడు.

ఆవిడ ఊఁ కొడుతూ పూర్తిగా వింది. తర్వాత కంప్యూటర్ తెర ఆయన వైపు తిప్పింది. దాని మీద లోపలి రేకు ఫోటో ఉంది. అద్దంలా మెరవాల్సిన గుండ్రటి రేకు మీద, పాత గిన్నెని పీచుతో గీకినట్టు, చుట్టూ గీతలు.

"దీని మీదే రాసి ఉంటుంది సార్ అంతా. చదివే మొన ఒకటి దీన్ని తాకీతాకకుండా తిరగాలి. అది విరిగి కింద పడింది. ఆన్ చేసినప్పుడల్లా గీక్కుంటూ పోయింది."

"మిగిలినంత వరకే తీయండి. సగమైనా, పావైనా, ఎంత వస్తే అంత. కావాలంటే ముక్కలు నేను అతికించుకుంటాను. నా పనే అది."

"అతికించడానికి ముక్కలుండాలి కదండీ."

"ఇంకెక్కడికైనా పంపితే? పెద్ద మిషన్లుంటాయంటారు కదా?"

ఆవిడ అద్దాల గదిలోంచి డిస్కు మూత తెచ్చి చూపించింది. మూత లోపలి అంచు వెంట నల్లటి సన్నటి పొడి పేరుకుని ఉంది.

"ఇదేమిటో తెలుసా? ఆ రేకు మీది పూత. రాసి ఉన్నది ఈ పూతలోనే. ఊడి ఇలా రాలిపోయింది. ఎంత పెద్ద మిషనైనా దీన్ని చదవలేదు. ఆశపెట్టి మిమ్మల్ని తిప్పించుకోవడం నాకిష్టం లేదు."

ఎడిటర్ ఆ పొడి వైపు వంగాడు. వేలు ముందుకి చాచి, తాకకుండానే వెనక్కి తీసుకున్నాడు.

"మొదటి చప్పుడుకే తెచ్చి ఉంటే?" అని అడిగింది పిట్ట. అడగకుండా ఉండాల్సింది.

ఆవిడ ఎడిటర్ మొహం చూసింది. "చెప్పలేం" అంది. అబద్ధమని ముగ్గురికీ అర్థమైంది.

మూత బిగిస్తూ తనలో తను అనుకున్నట్టు అంది. "వచ్చేవాళ్ళంతా ఇక్కడికొచ్చాకే రెండో డిస్కు కొనుక్కుంటారు. నేనూ అంతే లెండి. ఇప్పుడైతే ఒకటి ఇంట్లో, ఇంకోటి మా చెల్లెలింట్లో. నెలనెలా తెరిచి ఉందో లేదో చూసుకుంటాను."

"మీదేం పోయింది?" అన్నాడు ఎడిటర్.

"నాదా? వదిలెయ్యండి" అంటూ ఆవిడ డిస్కుని కవర్లో పెట్టి ఇచ్చేసింది.

*

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నించోవాల్సి వచ్చింది. ఎడిటర్ కవర్‌ని పొట్టకి అదుముకుని, ఇంకో చేత్తో కమ్మీ పట్టుకున్నాడు.

"కొన్నాళ్ళాగి చెబుదామే" అన్నాడు. "ఇంకా ప్రయత్నిస్తున్నారని చెబుదాం. ఇప్పుడిప్పుడే కాస్త కోలుకుంటోంది."

"నేను అబద్ధం చెప్పను."

"నువ్వు చెప్పొద్దు. ఊరికే ఉండు చాలు."

"అదీ అబద్ధమే కదా నాన్నా."

బస్సు ఆగింది. జనం దిగారు, ఎక్కారు. సీటు ఖాళీ అయినా ఇద్దరూ కూర్చోలేదు.

"పోనీ నువ్వు చెప్పు" అన్నాడాయన. "ఆడవాళ్ళూ ఆడవాళ్ళూ..."

"నా వల్ల కాదు" అంది పిట్ట, మొహం అటు తిప్పుకుని. "ఆ మెసేజ్‌లు తుడిచేశానని అమ్మకి నేనూ చెప్పలేదు."

*

ఇంటికొచ్చేసరికి భోజనాల బల్ల ఖాళీగా ఉంది. కంప్యూటర్ పెట్టెని టీచర్ ఒక మూలకి జరిపి పెట్టింది. పళ్ళాలు వేసింది. ముసలావిడ అప్పటికే బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది.

"దొరికిందట్రా?"

ఎడిటర్ చేతులు కడుక్కోడానికి వెళ్ళాడు. అవసరమైనదానికంటే ఎక్కువసేపే కడుక్కున్నాడు. వచ్చి కూర్చున్నాడు. కవర్ ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

టీచర్ ఫోను అందుకుంది. "ఏమన్నారు."

"చూశారు. మంచావిడే. చాలా శ్రద్ధగా చూసింది. గది కూడా శుభ్రంగా ఉంది, అద్దాల గది..."

"ఏమన్నారు."

టీచర్ మళ్ళీ టైపు చెయ్యలేదు. అదే మాటని మళ్ళీ నొక్కింది.

"నాన్నా" అంది పిట్ట.

"కాలేదు" అన్నాడు ఎడిటర్.

"మెయిన్ పోతే పోయింది. సేఫ్ తెరవండి."

ఆయన ఒళ్ళోంచి కవర్ తీసి బల్ల మీద పెట్టాడు. అరచెయ్యంత డిస్కు. "ఇదే మెయిన్" అన్నాడు. కాస్త ఆగి, "ఇదే సేఫ్ కూడా" అన్నాడు.

టీచర్‌కి వెంటనే అర్థం కాలేదు. ఆ చిన్న డబ్బా వైపు, మొగుడి మొహం వైపు, కూతురి మొహం వైపు చూసింది. పిట్ట కళ్ళు దించేసుకుంది. అప్పుడర్థమైంది. మెడ మీది గుడ్డ గబగబా ఎగిరింది. ఆ రంధ్రంలోంచి ఊపిరి వచ్చే చప్పుడు ఆ గదిలో అందరికీ వినిపించింది. ఏడుపుకి కూడా ఆ తల్లికి గొంతు లేదు.

"రెండు చోట్ల ఉందన్నారు."

"అనుకున్నాను. ఒట్టు, ఉందనే అనుకున్నాను. ఇన్నేళ్ళ అలవాటు..."

"పంపెయ్యమన్నాను."

"అన్నావు."

"కుక్క అరిచినా ఫరవాలేదన్నాను."

"అన్నావు. తప్పు నాదే. కొట్టు, తిట్టు, ఏమైనా చెయ్యి..."

"దేంతో తిట్టను."

ఎంత మామూలుగా అనేసిందో ఆ ఫోను! ముసలావిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిట్ట లేచి తల్లి వెనక్కి వెళ్ళి భుజాలు పట్టుకుంది. టీచర్ విదిలించుకోలేదు, ఆనుకోనూ లేదు.

వేళ్ళు ఆగి ఆగి కదిలాయి.

"చివరి రోజు మిమ్మల్ని గదిలోంచి బయటికి పంపించాను. గుర్తుందా."

"ఉంది. మైకు ఆన్ చేసి వెళ్ళి బయట నించున్నాను."

"అది కాగితాల్లోది కాదు. మీకు ఒక మాట చెప్పాను. కొత్త గొంతు వచ్చేదాకా వినొద్దన్నాను. విన్నారా."

బల్ల చుట్టూ ఒక్కసారి గాలి మారింది. ముసలావిడ కుర్చీ ముందుకి జరుపుకుంది.

"వినే ఉంటాడు!" అంది. "వీడు వినకుండా ఉంటాడా? మైకు ఉందని మరిచిపోయి పెళ్ళివాళ్ళు చెవుల్లో చెప్పుకున్న ముచ్చట్లన్నీ విని, ఇంటికొచ్చి నాకు చెప్పి నవ్వేవాడు. మా అందరి మాటలూ దొంగతనంగా వినే అలవాటు వీడికి మొదట్నుంచీ ఉంది. విన్నావు కదరా? ఫరవాలేదు, ఎవరూ ఏమీ అనరు. విన్నానని చెప్పు!"

టీచర్ కూడా ముందుకి వంగింది. మాట తప్పి ఉండాలని మొగుణ్ణి కళ్ళతో బతిమాలుతోంది.

"వినలేదమ్మా" అన్నాడు ఎడిటర్.

"కాస్తయినా?" అంది పిట్ట. "శుభ్రం చేసేటప్పుడైనా, మొదటి ముక్క?"

"ఆ ఫైలు తెరవనే లేదు. ఎన్నోసార్లు చెయ్యి దాని దాకా వెళ్ళింది. మాటిచ్చాను కదా అని వెనక్కి తీసుకున్నాను." ఆయన కవర్‌ని బల్ల అంచు దాకా జరిపాడు. "మాటిచ్చాను కదే."

ఎన్ని మాటలు తప్పిన మనిషి! సిగరెట్లు మానేస్తానని తప్పాడు, ఆదివారాలు ఇంట్లో ఉంటానని తప్పాడు, ఫైళ్ళు పంపేస్తానని తప్పాడు. బుద్ధిగా ఈ ఒక్క మాట మీద నిలబడ్డాడు.

"అమ్మా" అంది పిట్ట, తల్లి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని. "పోతే పోయింది. ఆ మాట నీకు తెలుసుగా. ఇప్పుడు చెప్పు. నేనూ నాన్నమ్మా లోపలికి వెళ్తాం. నాన్నకి ఒక్కడికే చెప్పు."

టీచర్ ఫోను దగ్గరికి తీసుకుంది. టైపు చెయ్యడం మొదలుపెట్టింది. చాలాసేపు చేసింది. మధ్యలో ఆగి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చేసింది. ఎవరూ లేవలేదు. లేవాలన్న సంగతే మరిచిపోయారు. ఆఖరికి ఆవిడ బొటనవేలు పలికించే గుర్తు మీదికి వెళ్ళి, అక్కడ ఆగింది.

నొక్కలేదు. రాసిందంతా ఒక్కొక్క అక్షరమే చెరుపుకుంటూ వెనక్కి వచ్చింది. తర్వాత గబగబా ఒకే ఒక్క వాక్యం కొట్టి నొక్కింది.

"ఈవిడ గొంతుతో ఆ మాట చెప్పను."

"పోనీ కాగితం మీద రాసివ్వు" అన్నాడు ఎడిటర్.

టీచర్ అడ్డంగా తల ఊపింది. ఫోను ఆపేసి బల్ల మీద బోర్లా పెట్టింది.

ఎడిటర్ లేచాడు. మోచెయ్యి తగిలి బల్ల మీది కవర్ కింద పడింది. దాని వైపు చూడకుండా బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూలబడ్డాడు.

"మంచి మాటేనా?" అన్నాడు. "అదొక్కటి చెప్పు, చాలు. నన్ను తిట్టావా, క్షమించావా? మాటొద్దు, రాయొద్దు. మంచి మాటైతే తల ఊపు. కాకపోతే ఇందాకలాగే అడ్డంగా ఊపు. ఏదో ఒకటి చెయ్యవే!"

టీచర్ ఆయన మొహంలోకి చూస్తూ కూర్చుంది. అన్నాలు చల్లారిపోతున్నాయని ముసలావిడ ఎవరికో చెప్పింది. టీచర్ చూపు తిప్పలేదు. తల కదపలేదు.